పసుపు ఇల్లు, చీజ్ ఫ్యాక్టరీ పక్కన

పరిచయమైన నాలుగో నిమిషంలో కొరిన్ ఫ్లూగర్ నా మీద అభ్యంతరం చెప్పింది.

"ఏడో నంబరు బల్ల. అవతలి ఏజెంటు జేబులో నీలం పెన్ను ఉంది," అంది, నావైపు చూడకుండానే.

రీకౌంటింగ్ హాల్లో నీలం, నలుపు పెన్నులు నిషేధం. బ్యాలెట్ మీద ఎవరైనా చిన్న చుక్క పెడితే అది ఓటరు పెట్టిందో ఏజెంటు పెట్టిందో తెలియదు. అందుకని అందరికీ ఎర్ర పెన్నులే పంచారు. నాకూ ఒకటి ఇచ్చారు. కానీ చీజ్ ఫ్యాక్టరీ లాబులో పాల శాంపిళ్ల మీద నంబర్లు వేసుకునే పాత పెన్ను చొక్కా జేబులోనే ఉండిపోయింది.

కౌంటీ క్లర్క్ వెల్మా ట్రెల్ వచ్చి మాట్లాడకుండా చెయ్యి చాపింది. అరవై దాటిన మనిషి. గవర్నర్ ఎన్నికైనా, వేసవి సంతలో పందుల పోటీ అయినా ఒకే ముఖంతో నడిపించేస్తుంది. పెన్ను ఆమె చేతిలో పెట్టాను.

"ఇంకేమైనా దాచారా?" అడిగింది కొరిన్.

"సాక్సులో ఒకటుంది. వెతుక్కుంటారా?"

"నేను పశువుల డాక్టరు దగ్గర అసిస్టెంటుని. అంతకంటే ఘోరమైన చోట్ల వెతికిన చెయ్యి ఇది."

లెక్కించే ఆడవాళ్లిద్దరూ తలలు వంచుకుని నవ్వారు. నాకు వెంటనే జవాబు తట్టలేదు. నలభై నిమిషాల తర్వాత తట్టింది కానీ, అప్పటికి ఏం లాభం?

గవర్నర్ కుర్చీ ఆ ఏడాది ఖాళీ అయింది. ఎనిమిదేళ్లు కూర్చున్నాయన ఇక చాలన్నాడు. పాత మనిషి బరిలో లేకపోతే విస్కాన్సిన్‌లో ఏ ఎన్నికైనా తాడు లాగుడు ఆటే. ఇరవై ఏడు లక్షల ఓట్లు పడితే, మా మార్గో టిల్వర్డ్‌కి వాళ్ల డేల్ హెగ్‌స్ట్రమ్ కన్నా ఆరు వందల పదకొండు ఎక్కువ వచ్చాయి. హెగ్‌స్ట్రమ్ రీకౌంటింగ్ అడిగాడు. మా కౌంటీలో అంతమంది పట్టే చోటు సంత మైదానంలోని హాలొక్కటే. ఆగస్టులో అక్కడ దూడలకు బహుమతులిస్తారు. నవంబరు చివర్లో కూడా గడ్డి వాసన వదల్లేదు.

ఒక్కో బల్లకి లెక్కించేవాళ్లిద్దరు, ఎదురెదురుగా రెండు పక్షాల ఏజెంట్లు. మేం దేన్నీ ముట్టుకోకూడదు. చూడాలి. తేడా కనిపిస్తే ఎర్ర పెన్ను ఎత్తాలి.

కొరిన్ పెన్ను ఎత్తుతూనే ఉంది.

ఆమె గురి పోస్టల్ ఓట్ల కవర్ల మీద. ఇంటి నుంచి ఓటు పంపేవాళ్లు కవరు మీద సంతకం చెయ్యాలి. పక్కనున్న ఎవరో ఒకరు సాక్షి సంతకం చేసి, చిరునామా రాయాలి. మొదటి రెండు రోజుల్లో పదకొండు కవర్ల మీద సాక్షి చిరునామా సరిగా లేదని పట్టుకుంది. ఒకదాని మీద 'నదికి అవతల' అని ఉంది. ఇంకొకదాని మీద 'అక్క ఇల్లు'. ఆ పదకొండూ విచారణ కోసం ఒక అట్టపెట్టెలోకి వెళ్లాయి.

ఆ పెట్టె వ్యవహారం ముందే చెప్పాలి. కవరులోని బ్యాలెట్ ఎన్నికల రోజే బయటికి తీసి కుప్పలో కలిపేశారు. దాని మీద పేరుండదు. కవరు చెల్లదని ఇప్పుడు తేలితే, వెల్మా మొహం పక్కకి తిప్పుకుని, చేతికందిన బ్యాలెట్ ఒకటి కుప్పలోంచి లాగి లెక్కలోంచి తీసేస్తుంది. అది ఎవరిదో దేవుడికే తెలియాలి. కవరు మీదున్న మనిషి పేరు మాత్రం ఓటేసినవాళ్ల జాబితాలోంచి కొట్టేస్తారు.

"ఇది మీకు అన్యాయంగా అనిపించదా?" అని రెండో రోజు మధ్యాహ్నం అడిగాను. హాలు ముందు వరండాలో నిలబడి శాండ్‌విచ్‌లు తింటున్నాం. బయట సన్నగా మంచు మొదలైంది.

 నిబంధన తను రాయలేదంది. తర్వాత, అన్యాయమేనని ఒప్పుకుంది. ఇంకాసేపటికి, నా శాండ్‌విచ్‌లో ఉల్లిపాయ ఎక్కువైందని, నాకు కాకపోయినా ఎదురుగా కూర్చునేవాళ్లకి అది తెలుస్తుందని చెప్పింది. ఆ పూట నుంచే మేం 'మీరు' వదిలేశాం. ఎవరు ముందు వదిలారో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

ఆమెది నలభై మైళ్ల అవతల మెలరీ అనే ఊరు. లేగదూడ పళ్లు చూసి ఎన్ని వారాలదో చెప్పగలదు. మాటల్లో వాళ్ల తాతయ్య ప్రస్తావన వచ్చింది. ఆయన తన కోసం ఎవరో అబ్బాయిని చూసి పెట్టాడట. ప్రతి శుక్రవారం ఫోను చేసి ఆ అబ్బాయిని పొగుడుతాడట.

"ఏమని పొగుడుతాడు?"

"పేకాటలో ఓడిపోతాడని. ఇంకో మంచి గుణం చెప్పమంటే, ఓడిపోయినా మళ్లీ వస్తాడంటాడు. అలాంటివాణ్ణి చూడనక్కర్లేదని చెప్పేశాను."

మా కౌంటీలో పేకాటలో ముసలివాళ్ల చేతిలో ఓడిపోని కుర్రాడు లేడు. అందుకని నాకేమీ తట్టలేదు. పైగా ఆమె ఆ సంబంధం చూడనన్నందుకు లోపల ఎందుకో హాయిగా అనిపించింది. ఆ హాయి ఏమిటో రాత్రంతా ఆలోచించాల్సిన విషయం. నేను మాత్రం నిద్రపోయాను.

మూడో రోజు ఉదయం మా ఊరు ఓర్లీ కవర్లు బల్ల మీదికొచ్చాయి. లెక్కించే ఆవిడ ఒక కవరు తీసి చదవడం మొదలుపెట్టింది.

"ఓటరు, హ్యూబర్ట్ జాస్ట్రో. సాక్షి..." ఆగి కళ్లజోడు సర్దుకుంది. నా బ్యాడ్జీ వైపు చూసింది. "సాక్షి, రూబెన్ మస్సార్ట్. చిరునామా, పసుపు ఇల్లు, చీజ్ ఫ్యాక్టరీ పక్కన."

నా అక్షరాలే. నా నీలం పెన్నే.

ప్రతి గురువారం లాబు పని అయ్యాక, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి నేను వేడి భోజనం పట్టుకెళ్తాను. ఆ వరుసలో ఆఖరి ఇల్లు హ్యూబర్ట్‌ది. తొంభై ఒక్కేళ్లు. వాకిట్లో రెండు పార్టీల బోర్డులూ పాతుకున్నాడు. ఒక్కటే పెడితే ఒక్క పార్టీవాళ్లే వచ్చి కబుర్లు చెబుతారట, రెండూ పెడితే ఇద్దరూ వస్తారట. భోజనం పెట్టాక పేక తీస్తాడు. నేను ఓడిపోతాను. అప్పుడు గానీ కదలనివ్వడు.

అక్టోబరులో ఒక గురువారం నేను వెళ్లేసరికి బ్యాలెట్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కుర్చీ తిప్పి, చెయ్యి అడ్డం పెట్టి గుర్తులు పెట్టాడు. "సాక్షి చూడాల్సింది నా చేతిని. నా అభిప్రాయాన్ని కాదు," అన్నాడు. సంతకం చేసి ఇంటి నంబరు రాయబోతే ఆపాడు. ఓర్లీలో నంబరు చెబితే పోస్టుమాన్ కూడా తికమకపడతాడని, అందరికీ తెలిసేలా రాయమని అన్నాడు. నిజమే. పుట్టినప్పటి నుంచి నేనెవరికీ మా ఇంటి నంబరు చెప్పలేదు. పసుపు ఇల్లని రాశాను.

పంతొమ్మిది వందల యాభై ఆరు నుంచి ఒక్క గవర్నర్ ఎన్నిక కూడా వదల్లేదని ఆయన ప్రతి వారం చెబుతాడు. మంచు తుపానులో ట్రాక్టరు మీద వెళ్లి ఓటేసిన కథ నాకు కంఠతా వచ్చు. మళ్లీ గవర్నర్ ఎన్నిక వచ్చేసరికి ఆయనకి తొంభై అయిదు.

తలెత్తి చూశాను. కొరిన్ మొహం పాలిపోయింది.

"అది మా తాతయ్య," అంది.

ఒక్క క్షణం పట్టింది నాకు. హ్యూబర్ట్ ఇంటి గోడ మీద ఫొటోలో పళ్లూడిన చిన్నపిల్ల, చేతిలో దూడ తాడు. ఆయన నోట ఎప్పుడూ మనవరాలి ముద్దుపేరే.

"పిప్ అంటే నువ్వేనా?"

"పేకాటలో ఓడిపోయేది నువ్వేనా?"

లెక్కించే ఆవిడ కవరు గాలిలోనే పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. అభ్యంతరం ఉందా లేదా అని అడిగింది.

కొరిన్ ఎర్ర పెన్ను వైపు చూసింది. నావైపు చూసింది. పెన్ను ఎత్తింది.

"ఉంది."

కవరు పెట్టెలోకి వెళ్లిపోయింది. 

"తొంభై ఒక్కేళ్ల మనిషి," అన్నాను గొంతు తగ్గించి. "మీ సొంత తాతయ్య."

"పదకొండు మంది ఓట్లు ఆ పెట్టెలో వేయించాను. వాళ్లూ ఎవరికో ఒకరికి తాతయ్యలే. మా తాతయ్యది మాత్రం చూడనట్టు వదిలెయ్యనా?"

"తప్పు నాది. శిక్ష ఆయనకా?"

"అవును, నీదే. నంబరు రాస్తే చెయ్యి పడిపోతుందా?"

 భోజనం వేళకి బెల్లు మోగింది. విచారణ రెండు గంటలకని వెల్మా ప్రకటించింది. కొరిన్ కోటు తగిలించుకుంటూనే బయటికి నడిచింది. కిటికీలోంచి చూస్తే ఆమె పికప్ ట్రక్కు మంచు చిమ్ముకుంటూ గేటు దాటేసింది. వాళ్ల లాయరు దగ్గరికే పోయి ఉంటుందనుకున్నాను.

వెల్మా దగ్గరికి వెళ్లి, ఇప్పుడు ఇంటి నంబరు రాసిస్తానని బతిమాలాను. తల అడ్డంగా ఊపింది. కవరు మీద ఉన్న మాటలే లెక్కట. తర్వాత ఎవరు ఏం చెప్పినా పనికిరాదట.

"ఆ మాటల్ని బట్టి సాక్షిని కనుక్కోవచ్చని బోర్డు నమ్మితే చెల్లుతుంది. నమ్మకపోతే లేదు. నాతో పాటు బోర్డులో మీవాడొకడు, వాళ్లవాడొకడు. వాళ్లెటు చేతులెత్తుతారో నాకు తెలుసు. నేనెటు ఎత్తాలో మాత్రం ఇంకా తెలీదు."

"పసుపు ఇల్లు మీకు తెలుసు కదా?"

"నాకు తెలిస్తే సరిపోదు, రూబెన్. మీ అమ్మ పెళ్లికి వచ్చినదాన్ని. తెలియనివాళ్లకి దొరకాలి."

రెండు గంటలకి బోర్డు కూర్చుంది. హెగ్‌స్ట్రమ్ లాయరు రాజధాని మ్యాడిసన్ నుంచి పల్చటి బూట్లతో వచ్చాడు. సాక్సులు తడిసిపోయాయి. పాపం, మాట మాత్రం తడబడలేదు. చిరునామా అంటే నంబరూ రోడ్డు పేరూ అని, ఇంటి రంగు చిరునామా కాదని, రేపు సున్నం వేస్తే సాక్షి మాయమైపోతాడని చెప్పాడు. వాళ్లవైపు బల్లల్లో నవ్వులు పుట్టాయి. నిజం చెప్పొద్దూ, వాదన బాగుంది.

అభ్యంతరం చెప్పిన ఏజెంటు ఎక్కడని వెల్మా అడిగింది. కొరిన్ కుర్చీ ఖాళీ.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

కొరిన్ బూట్లకి మోకాళ్ల దాకా మంచు ఉంది. చేతిలో మూతపెట్టిన పింగాణీ గిన్నె. ఆ గిన్నె అంచు ఒకచోట విరిగింది. పదేళ్లప్పుడు దాన్ని విరగ్గొట్టినవాణ్ణి నేనే. అది మా అమ్మది.

హాల్లోకి తిండి తేకూడదని ఎవరో గుర్తుచేశారు. ఆమె వెనక్కి వెళ్లి, గిన్నెని వరండాలో గోడవారగా జాగ్రత్తగా దించి వచ్చింది.

"కొరిన్ ఫ్లూగర్," వెల్మా అంది. "అభ్యంతరం నీది. కారణం చెప్పు. ఆ కవరు మీద రాసిన మాటలతో సాక్షి దొరకడంటావా?"

"పొద్దున అలాగే అనుకున్నానండి."

"ఇప్పుడు?"

"మా తాతయ్య ఇంటికి ఎప్పుడెళ్లినా నేను ఉత్తరం రోడ్డు మీంచే వెళ్తాను. చీజ్ ఫ్యాక్టరీ వైపు ఎప్పుడూ పోలేదు. అందుకని వెళ్లి చూశాను. ఫోన్లో మ్యాపు తియ్యలేదు. ఓర్లీ మొదట్లో ఒకావిడ మంచు ఎత్తుతోంది. చీజ్ ఫ్యాక్టరీ ఎటని అడిగాను. దాని పక్కన ఇళ్లు రెండే ఉన్నాయి. ఒకటి తెలుపు, ఒకటి పసుపు. మొత్తం తొమ్మిది నిమిషాలు." ఊపిరి తీసుకుంది. "రోజూ మాకిదే పని. ఆవు ఈనుతోందని రైతు ఫోను చేస్తాడు. కూలిన గడ్డివాము దాటాక ఎడమకి రా అంటాడు. ఒక్కడూ నంబరు చెప్పడు. ఇంతవరకు ఏ ఆవూ దొరక్కుండా పోలేదు."

లాయరు లేచాడు. ఇల్లు దొరకడం వేరు, సాక్షి దొరకడం వేరన్నాడు. సాక్షి ఆ ఇంట్లో ఉన్నాడా అని అడిగాడు.

"లేడండి," అంది కొరిన్. "మూడు రోజులుగా నా ఎదురుగా కూర్చున్నాడు. ఇంట్లో ఎలా ఉంటాడు?"

ఈసారి నవ్వింది అటువైపు బల్లలే కాదు. వెల్మా పెదవి కూడా ఒక పక్కకి వంగింది. పందుల పోటీలో కూడా నేనది చూడలేదు.

"వాళ్లమ్మగారున్నారు," కొరిన్ ఎర్రబడుతూ ముగించింది. "కొడుకు కోసం వచ్చానంటే లోపలికి లాగి సూపు పెట్టారు. తిని వెళితే గానీ వదలనన్నారు. ఆలస్యం అందుకే. అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను."

"మిస్ ఫ్లూగర్," లాయరు నీరసంగా అన్నాడు, "అసలు మీరు ఎవరి తరఫు?"

"హెగ్‌స్ట్రమ్ తరఫేనండి. ఆయనే గెలవాలని నా కోరిక. మా తాతయ్య ఓటు ఆయనకే పడిందేమో. దాన్ని మనమే పీకేస్తామా?"

లాయరు కూర్చుని బూటు విప్పి, సాక్సు పిండుకున్నాడు.

వెల్మా హ్యూబర్ట్ కవరు బయటికి తీసి, పెట్టె మీద చెయ్యి వేసింది. ఇంకా పదకొండు ఉన్నాయని, ఒకరికి ఒక న్యాయం, మిగతావారికి ఇంకొకటి కుదరదని అంది. కొరిన్ అందుకు సిద్ధంగానే ఉంది. తెల్లారి పొద్దున్నే ఆ పదకొండు చిరునామాలూ వెతుకుతానంది. దొరికినవాటికి అభ్యంతరం ఉండదు, దొరకనివాటికి ఉంటుంది.

"ఒక్కదానివే వెళితే కుదరదు," వెల్మా అంది. "ఏ పనైనా రెండు పక్షాల ఏజెంట్ల ఎదుటే జరగాలి."

"తెలుసండి," అంది కొరిన్. పొద్దుటి గొడవ తర్వాత మొదటిసారి నావైపు తిన్నగా చూసింది. "అందుకే గిన్నె తెచ్చాను. దారిలో ఇద్దరికీ సరిపోతుందని ఆవిడే ఇచ్చారు."

మర్నాడు మంచులో నూట ముప్పై మైళ్లు తిరిగాం. ఆమె నడిపింది, నేను కవర్ల మీది మాటలు చదివాను. నదికి అవతల ఉన్నది ఒక్కటే ఇల్లు. 'అక్క ఇల్లు' ఎంత వెతికినా దొరకలేదు. అక్కలు చాలామంది దొరికారు గానీ, ఎవరి అక్కో తేలలేదు. తొమ్మిది దొరికాయి, రెండు దొరకలేదు. హాలుకి తిరిగొచ్చాక ఆ రెంటికీ ఆమె పెన్ను ఎత్తింది. వెల్మా మొహం తిప్పుకుని రెండు బ్యాలెట్లు తీసేసింది. నేను కూడా వద్దనలేదు.

అంతకుముందు, తిరుగుదారిలోనే హ్యూబర్ట్ ఇంటి దగ్గర ఆగాం. ఇద్దరం ఒకే బండి దిగడం చూసి, వాకిట్లో రెండు బోర్డుల మధ్య నిలబడ్డాడు.

"నేను మూడు నెలలు ఫోన్లు చేస్తే రాలేదు," అన్నాడు మనవరాలితో. "గవర్నమెంటు కాగితం పంపితే వచ్చావు."

ఎవరికి ఓటేశావని కొరిన్ అడిగింది. చెప్పలేదు. పేక తీశాడు. ముగ్గురం ఆడాం. నేను ఓడిపోయాను. ఆయన మనవరాలి వైపు చూసి, చెప్పానా అన్నట్టు కళ్లు ఎగరేశాడు.

వారం తర్వాత రాష్ట్రమంతా లెక్క తేలింది. మార్గో టిల్వర్డ్ అయిదు వందల ఎనభై ఎనిమిది ఓట్లతో గవర్నరైంది. నేనెవరికీ ఫోను చెయ్యలేదు. సంత మైదానానికి వెళ్లాను. బల్లలు మడిచేస్తున్నారు. కొరిన్ పార్కింగులో పికప్‌కి ఆనుకుని నిలబడి ఉంది.

"ఒక్క మాట కూడా అనకు," అంది. "సంతోషపడాలంటే ఇంటికెళ్లి పడు."

"తాతయ్య ఏమన్నాడు?"

"తను వేసినవాళ్లే గెలిచారట. యాభై ఆరు నుంచీ ప్రతిసారీ ఇదే మాట."

మంచు మళ్లీ మొదలైంది. ఆమె కనురెప్ప మీద ఒక రేకు వాలి, కరగడానికి తొందరపడకుండా కూర్చుంది. దాన్నే చూస్తున్నాను.

"ఏమిటలా చూస్తున్నావు? ఏజెంటు పని అయిపోయింది."

"ఒక విషయం చెప్పాలి. నీకు అభ్యంతరం ఉండొచ్చు."

"చెప్పు, వింటాను."

"నువ్వంటే నాకిష్టం. నా నీలం పెన్ను పట్టించినప్పటి నుంచి. నువ్వు తప్పు పార్టీ అని తెలిసినా తగ్గలేదు."

కొరిన్ ఎటో చూసింది. కోటు జేబులోంచి మిగిలిపోయిన అభ్యంతరాల ఫారం ఒకటి తీసింది. బండి బానెట్ మీద పెట్టి ఎర్ర పెన్నుతో ఏదో రాసి, మడిచి నా చొక్కా జేబులో, నీలం పెన్ను ఉండే చోట పెట్టింది. బండెక్కి తాళం తిప్పింది.

విప్పి చూశాను. అభ్యంతరం అన్నచోట 'లేదు' అని ఉంది. చిరునామా అన్నచోట రెండే వరుసలున్నాయి: 'శుక్రవారం ఆరింటికి. చేపల వేపుడు పెట్టే చోట, కిటికీ పక్క బల్ల.'

మా కౌంటీలో శుక్రవారం చేపల వేపుడు పెట్టని హోటలంటూ లేదు. పరుగెత్తి అద్దం మీద తట్టాను.

"పేరు లేదు. నంబరు లేదు. ఇది చెల్లదు."

ఆమె అద్దం కొంచెం దించింది.

"వెతుకు," అంది. "నేను తొమ్మిది నిమిషాల్లో కనుక్కున్నాను. నీకు ఎంతసేపు పడుతుందో చూస్తాను."